శని, ఆదివారాల మ్యాచ్‌లు: ఫస్ట్ టీం గెలిచింది, థర్డ్ టీం తొమ్మిది మందితో ఆడింది

టచ్‌లైన్ (క్లబ్ సెక్రటరీ)
అందరికీ నమస్తే. ఈ వీకెండ్ మన ఫుట్‌బాల్ క్లబ్‌వి ఏడు టీంలు దిగాయి. ఫస్ట్ టీం బయట గ్రౌండ్‌లో 2-1 తో గెలిచింది, సెకండ్ టీం 1-1 డ్రా, థర్డ్ టీం 1-5 తో ఓడింది, విమెన్స్ 3-3, వెటరన్స్ 2-0 గెలుపు, అండర్-15 వాళ్ళు 0-2 ఓడారు. అండర్-12 స్కోర్ పెట్టట్లేదు, ఆ వయసుకి స్కోర్లు రాయొద్దని సీజన్ మొదట్లోనే అనుకున్నాం కదా. ఎవరు చూసిన మ్యాచ్ గురించి వాళ్ళు రాయండి. గోల్స్ ఒక్కటే కాదు, గ్రౌండ్, రిఫరీ, దెబ్బలు, ఎవరు ఎక్కడ తగ్గారు అన్నీ రాస్తే బుధవారం కమిటీలో మాట్లాడటానికి పనికొస్తుంది.

బాక్స్ టు బాక్స్
ఫస్ట్ టీం మ్యాచ్ మొత్తం చూశా. మొదటి ఇరవై నిమిషాలు మనకి బాల్ దొరకలేదు, వాళ్ళు గోల్ కిక్ దగ్గర్నుంచి షార్ట్ పాస్‌లతో కట్టుకుంటూ వచ్చారు, మన ఇద్దరు ఫార్వర్డ్‌లు ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు పరిగెత్తడమే తప్ప కలిసి ప్రెస్ చెయ్యలేదు (బాల్ ఉన్నోడి మీద ఒత్తిడి పెట్టలేదు). 2019లో రూల్ మారాక గోల్ కిక్‌ని బాక్స్ (గోల్ ముందుండే పెనాల్టీ ఏరియా) లోపలే తోటి డిఫెండర్ అందుకోవచ్చు కదా, దాన్ని బాగా వాడుకునే టీం అది. హాఫ్ టైమ్ దాకా 0-1. బ్రేక్ తర్వాత కోచ్ గారు రైట్ వింగర్‌ని ముందుకి తోసి వాళ్ళ లెఫ్ట్ సెంటర్ బ్యాక్ మీద పెట్టారు, ఆ అబ్బాయికి కుడికాలితో ఆడటం అసలు రాదు, ఎడమకాలికి దారి మూసేస్తే బాల్ పైకి కొట్టెయ్యడమే. అక్కడ్నుంచి గేమ్ మనది. మొదటి గోల్ అలా గాల్లోకి లేచి కింద పడ్డ బాల్ మనకి దొరికి వచ్చిందే. రెండోది 88వ నిమిషంలో కార్నర్, నియర్ పోస్ట్ దగ్గర ఫ్లిక్ (ఒక్క టచ్‌తో దారి మళ్ళించడం), వెనక పోస్ట్‌లో ట్యాప్ ఇన్ (దగ్గర్నుంచి లోపలికి నెట్టడం). ట్రైనింగ్‌లో చేసింది చేసినట్టు పడింది, చాలా సంతోషంగా ఉంది.

నెంబర్ ఫోర్ (థర్డ్ టీం కెప్టెన్)
ఫస్ట్ టీంకి కంగ్రాట్స్, మనస్ఫూర్తిగానే చెప్తున్నా. ఇప్పుడు మా మ్యాచ్ గురించి కూడా చదవండి. శుక్రవారం రాత్రికి నా దగ్గర పదమూడు మంది ఉన్నారు, అందరూ వస్తాం అన్నారు. శనివారం పొద్దున ఫోన్లు మొదలయ్యాయి. ఫస్ట్ టీంలో ఇద్దరు తగ్గారని సెకండ్ టీం నుంచి ముగ్గుర్ని లాగారు, సెకండ్ టీం వాళ్ళు ఆ ఖాళీకి మా దగ్గర్నుంచి ముగ్గుర్ని తీసుకున్నారు, ఇంకొకడికి జ్వరం. కిక్ ఆఫ్‌కి తొమ్మిది మందిమి. రూల్ ప్రకారం ఏడుగురుంటే మ్యాచ్ మొదలుపెట్టొచ్చు కాబట్టి రిఫరీ ఆడించాడు, మేమూ ఆడతామనే అన్నాం, వాకోవర్ ఇవ్వడం మాకు ఇష్టం లేదు.

4-3-1 పెట్టాం, అంటే కీపర్ ముందు నలుగురు డిఫెన్స్, ముగ్గురు మిడ్‌ఫీల్డ్, ఒకరు ముందు. వింగ్‌లు వదిలేసి అందరం మధ్యలోకి ఇరుక్కుని నిలబడ్డాం, క్రాస్‌లు వెయ్యనీ, తలతో క్లియర్ చేద్దాం అని. నిజం చెప్పాలంటే హాఫ్ టైమ్ దాకా అది పనిచేసింది, కార్నర్ మీద ముందు మేమే గోల్ కొట్టాం, హాఫ్‌కి 1-1. కానీ తొమ్మిది మంది పదకొండు మందిని అటూ ఇటూ స్లైడ్ అవుతూ ఆపాలంటే కాళ్ళు ఎంతసేపు నిలుస్తాయి? గంట దాటాక మిడ్‌ఫీల్డ్‌లో ముగ్గురికీ నడక తప్ప పరుగు లేదు. అప్పుడు మన నెంబర్ ఎయిట్ రిఫరీ మీద అరిచాడు, మా లీగ్‌లో సిన్ బిన్ ఉంది, పది నిమిషాలు బయట. ఎనిమిది మందిమి. ఆ పది నిమిషాల్లోనే రెండు గోల్స్ పడ్డాయి. వాడు అరవడం తప్పే, దాన్ని వెనకేసుకు రావట్లేదు, వాడితో మాట్లాడా.

నా బాధ స్కోర్ గురించి కాదు. మా దగ్గర్నుంచి పైకి వెళ్ళిన ముగ్గుర్లో ఒకడు మొత్తం తొంభై నిమిషాలూ బెంచ్ మీదే కూర్చున్నాడు, ఇంకొకడు చివర్లో దిగి బాల్ ముట్టుకోకుండానే విజిల్ పడింది. వాళ్ళిద్దరూ మా దగ్గరుంటే పదకొండు మందిమి, ఇద్దరికీ తొంభై నిమిషాల ఆట. వాళ్ళకీ లాభం లేదు, మాకూ లేదు, సెకండ్ టీంకి కూడా పెద్దగా ఒరిగింది లేదు.

ఒకటో నంబర్ జెర్సీ
అన్నా నేను సెకండ్ టీం గోల్‌కీపర్‌ని, నువ్వు చెప్పింది నిజమే, ఆ తమ్ముడు బెంచ్ మీద ఎంత ఇబ్బందిపడ్డాడో నేను చూశా, మీ స్కోర్ తెలిశాక తల ఎత్తలేదు పాపం. మా మ్యాచ్ గురించి ఒక్క ముక్క, ఎందుకంటే అందరికీ పనికొస్తుంది. మేం 0-1 వెనకపడి ఉన్నాం, వాళ్ళ కీపర్ బాల్ పట్టుకుని పడుకుని, లేచి, అటు చూసి ఇటు చూసి టైమ్ తింటున్నాడు. రిఫరీ చెయ్యి పైకెత్తి వేళ్ళతో లెక్కపెట్టడం మొదలెట్టాడు, మాలో సగం మందికి ఏం జరుగుతుందో తెలీదు. టైమ్ దాటగానే మనకి కార్నర్ ఇచ్చాడు! ఆ కార్నర్ మీదే ఈక్వలైజర్.

విజిల్
కరెక్టే ఇచ్చాడు. 2025-26 సీజన్ నుంచి లా 12 (ఫౌల్స్ గురించిన ఆట రూల్) మారింది. ఇదివరకు కీపర్ ఆరు సెకన్లు దాటితే ఇండైరెక్ట్ ఫ్రీ కిక్ (నేరుగా గోల్ కొట్టలేని ఫ్రీ కిక్), ఎవరూ ఇచ్చేవాళ్ళు కాదు, బాక్స్ లోపల ఆటగాళ్ళు గోడ కట్టి గందరగోళం అవుతుందని. ఇప్పుడు ఎనిమిది సెకన్లు, దాటితే కార్నర్, చివరి ఐదు సెకన్లు రిఫరీ చెయ్యెత్తి చూపిస్తూ లెక్కపెడతాడు. బాల్ చేతుల్లో పూర్తిగా కంట్రోల్‌లోకి వచ్చినప్పట్నుంచి లెక్క, నేల మీద పడుకుని ఉన్నా సరే. కీపర్ ఏ వైపు దగ్గరగా ఉంటే ఆ వైపు కార్నర్. అవతలి ఫార్వర్డ్ మీదమీదకొచ్చి వదలనివ్వకపోతే మాత్రం అది కీపర్ తప్పు కాదు, ఫార్వర్డ్ మీద ఫౌల్. మన కీపర్లందరికీ, అండర్-15 పిల్లలతో సహా, ఈ వారం ట్రైనింగ్‌లో చూపించండి.

ఒకటో నంబర్ జెర్సీ
మంగళవారం నేను చూపిస్తా సర్. పట్టుకున్న వెంటనే ఎవరికి వెయ్యాలో ముందే చూసుకుని ఉండాలి, అదే అలవాటు చెయ్యాలి.

ఫస్ట్ టీం కోచ్
నెంబర్ ఫోర్ రాసింది రెండుసార్లు చదివాను. నా వైపు నుంచి కూడా వినండి. శుక్రవారం రాత్రి తొమ్మిదింటికి ఒక సెంటర్ బ్యాక్‌కి హామ్‌స్ట్రింగ్ (తొడ వెనక కండరం) పట్టేసిందని తెలిసింది, ఇంకో అబ్బాయికి డ్యూటీ పడింది. టేబుల్‌లో మనం పైన మూడు టీంలలో ఉన్నాం, ఖాళీ బెంచ్‌తో బయట గ్రౌండ్‌కి వెళ్ళలేను, ఎవరికైనా మళ్ళీ దెబ్బ తగిలితే గాయపడిన పిల్లాడినే ఆడించాల్సి వస్తుంది, అది ఇంకా పెద్ద తప్పు. ఇంకోటి, నేను అడిగింది ముగ్గుర్ని, ఆ ముగ్గురూ సెకండ్ టీం వాళ్ళు. కింద థర్డ్ టీం పరిస్థితి ఏంటో నాకు ఎవరూ చెప్పలేదు. పైకి పిలవడం అనేది ఈ క్లబ్‌కి ప్రాణం అని నేను నమ్ముతా. ఇవాళ ఫస్ట్ టీంలో ఆడుతున్న లెఫ్ట్ బ్యాక్ థర్డ్ టీం నుంచే మొదలయ్యాడు.

నెంబర్ ఫోర్ (థర్డ్ టీం కెప్టెన్)
కోచ్ గారూ, మీ మీద నాకు గౌరవం తప్ప ఇంకేం లేదు. ఆ లెఫ్ట్ బ్యాక్ మా టీంలో రెండు సీజన్లు ప్రతి శనివారం తొంభై నిమిషాలు ఆడాడు కాబట్టే పైకి వచ్చాడు సర్. బెంచ్ మీద కూర్చుని రాలేదు. పిలవొద్దు అనట్లేదు, పిలిచేటప్పుడు కింద ఎవరుంటారు అని ఒక్కసారి చూడమంటున్నా. "ఎవరూ చెప్పలేదు" అన్నారు కదా, సరిగ్గా అదే సమస్య. పైనోళ్ళు కిందోళ్ళని అడుగుతారు, వాళ్ళు ఇంకా కిందోళ్ళని, చివర్లో ఉన్నోడికి అడగడానికి ఎవరూ ఉండరు.

పాత స్టడ్స్
నేను వెటరన్స్. మాది 2-0, పెద్దగా చెప్పేదేం లేదు, వాళ్ళకి వయసు ఇంకా ఎక్కువ. బయటికొచ్చినోళ్ళు మళ్ళీ లోపలికి వెళ్ళొచ్చు అన్న సబ్‌స్టిట్యూషన్ రూల్ మా లీగ్‌లో ఉంది, ఆ పుణ్యమా అని అందరం గంటపైన ఆడాం, కాళ్ళు బానే ఉన్నయి.

ఈ గొడవ కొత్తది కాదు తమ్ముళ్ళూ. ఏ క్లబ్‌ల నాలుగు టీంలున్నా ఇదే కథ. నేను చూసిన మటుకు థర్డ్ టీం మూతపడ్డ క్లబ్‌లు రెండేళ్ళల్ల సెకండ్ టీం కూడా నడపలేకపోయినయ్. ఎందుకంటే పద్దెనిమిదేళ్ళు దాటిన పిల్లలు యూత్ నుంచి బయటికొస్తే నేరుగా ఫస్ట్ టీంల ఆడేటోళ్ళు ఒకరో ఇద్దరో. మిగతా పదిమందికి ఆడేతందుకు జాగ లేకపోతే ఆట వదిలేస్తరు, లేకపోతే వేరే క్లబ్‌కి పోతరు. థర్డ్ టీం అంటే ఉట్టిగ సరదాకి ఆడేటోళ్ళ గుంపు అనుకోకుండ్రి. మన పిల్లలు పెద్దోళ్ళ ఆటల కాలు పెట్టేదే ఆడ.

లెఫ్ట్ వింగ్ అక్క
విమెన్స్ మ్యాచ్ గురించి ఎవరూ రాయలేదు, నేను రాస్తా. 3-3, ఆరు గోల్స్‌లో నాలుగు రెండో హాఫ్‌లో. 1-3 నుంచి వెనక్కి తెచ్చుకున్నాం, చివరి గోల్ స్టాపేజ్ టైమ్‌లో ఫ్రీ కిక్, గోడ మీద నుంచి, కీపర్ కదల్లేదు కూడా. ఇంత మంచి మ్యాచ్ ఈ సీజన్‌లో ఆడలేదు.

కానీ మా కిక్ ఆఫ్ నలభై నిమిషాలు లేటు. ముందు మ్యాచ్ లేటుగా మొదలైంది, దాని తర్వాత నెట్స్ ఊడిపోయి ఉన్నాయి, కార్నర్ ఫ్లాగులు రెండు కనిపించలేదు, మా వాళ్ళే వెతికి తెచ్చి పెట్టారు. వార్మప్ అయిపోయి నలభై నిమిషాలు నిలబడి ఆడటం మొదలెట్టాం, పదో నిమిషంలో మా రైట్ బ్యాక్‌కి తొడ వెనక పట్టేసింది. ప్రతిసారీ ఆలస్యం మా దగ్గరికొచ్చే ఆగుతుంది, ఎందుకంటే గ్రౌండ్ మీద చివరి స్లాట్ ఎప్పుడూ మాదే. దీన్ని కూడా బుధవారం లిస్టులో పెట్టండి.

ఇంకో విషయం. రెండో హాఫ్‌లో మా మిడ్‌ఫీల్డర్, అవతలి అమ్మాయి తలా తలా గుద్దుకున్నారు. మా అమ్మాయి లేచి "నేను బానే ఉన్నా" అంది కానీ స్కోర్ ఎంత అని అడిగితే చెప్పలేకపోయింది. బయటికి తీసేశాం. తను ఏడ్చింది, ఆడతా అంది. వచ్చే శనివారం ఆడించాలా వద్దా?

టేప్ బ్యాగ్ (ఫిజియో)
అక్కా మీరు తీసెయ్యడం నూటికి నూరుపాళ్ళు సరైన పని. కంకషన్ (తలకి దెబ్బతో మెదడు పనితీరు చెదరడం) అని అనుమానం వస్తే చాలు, ఆ రోజు మళ్ళీ ఆడించకూడదు, ఇందులో బేరం లేదు. స్పృహ తప్పితేనే కంకషన్ అని చాలామంది అనుకుంటారు, అది తప్పు, ఎక్కువ కేసుల్లో స్పృహ పోదు. స్కోర్ గుర్తులేకపోవడం, అడిగిందే మళ్ళీ అడగడం, లేచాక తూలడం, వెలుతురు చూడలేకపోవడం, ఏదో మబ్బుగా ఉందనడం, వీటిలో ఒక్కటి కనిపించినా చాలు. మెదడు కోలుకోకముందే రెండో దెబ్బ తగిలితే ప్రాణానికే ప్రమాదం కావచ్చు, పిల్లల్లో ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

వచ్చే శనివారం సంగతి. మొదటి ఒకటి రెండు రోజులు తేలికపాటి విశ్రాంతి, ఫోన్ స్క్రీన్ తగ్గించడం, అంటే చీకటి గదిలో పడుకోమని కాదు, మెల్లగా నడవొచ్చు. తర్వాత మెట్లు మెట్లుగా: నడక, తేలిక జాగింగ్, బాల్‌తో ఒంటరిగా డ్రిల్, ఒకరినొకరు తగలని ట్రైనింగ్, డాక్టర్ సరే అన్నాక పూర్తి ట్రైనింగ్, అప్పుడు మ్యాచ్. ఒక్కో మెట్టుకీ కనీసం 24 గంటలు, లక్షణాలు పెరిగితే ఆగాలి. కాబట్టి ఏడు రోజుల్లో మ్యాచ్ అనుకోవద్దు, తొందర లేదు. ఇంటికి వెళ్ళాక వాంతులు, తలనొప్పి పెరగడం, మగతగా ఉండటం కనిపిస్తే ఒక్క నిమిషం ఆగకుండా హాస్పిటల్‌కి తీసుకెళ్ళమని వాళ్ళింట్లో వాళ్ళకి చెప్పారా?

లెఫ్ట్ వింగ్ అక్క
చెప్పాం, రాత్రి వాళ్ళ అక్క పక్కనే ఉంది. ఇవాళ తలనొప్పి కొంచెం ఉందట, రేపు డాక్టర్ దగ్గరికి వెళ్తోంది. మ్యాచ్ గురించి ఆలోచించొద్దని నేను ఇప్పుడే ఫోన్ చేసి చెప్తా.

టేప్ బ్యాగ్ (ఫిజియో)
మంచిది. ఆ తొడ సంగతి కూడా. లేటైనప్పుడు నిలబడి ఉండిపోకుండా, కిక్ ఆఫ్‌కి ముందు ఇంకో ఐదు ఆరు నిమిషాలు పరుగులు, రెండు మూడు స్ప్రింట్లు మళ్ళీ చెయ్యాలి. ఇక వారం మధ్యలో ఫిఫా 11 ప్లస్ అనే వార్మప్ ప్రోగ్రామ్ చేయిస్తున్నారా? ఇరవై నిమిషాల పని, బాల్ తప్ప ఏ పరికరాలూ అక్కర్లేదు. నార్వేలో టీనేజ్ అమ్మాయిల టీంల మీద చేసి 2008లో ప్రచురించిన స్టడీలో మొత్తం గాయాలు దాదాపు మూడో వంతు తగ్గాయి. మోకాలి ఏసీఎల్ (మోకాలి లోపలి లిగమెంట్) గాయాలు అబ్బాయిల కంటే అమ్మాయిల్లోనే ఎక్కువ, దూకి దిగేటప్పుడు మోకాలు లోపలికి వంగకుండా చూసుకోవడం ఆ ప్రోగ్రామ్‌లో నేర్పిస్తారు. అందులోనే నార్డిక్ హామ్‌స్ట్రింగ్ అనే వ్యాయామం ఉంటుంది, కోచ్ గారూ మీ సెంటర్ బ్యాక్‌కి కూడా అదే కావాలి. మ్యాచ్ ముందు ఒక్కసారి చేసి వదిలేస్తే లాభం లేదు, వారానికి రెండు సార్లయినా పడాలి.

ఫస్ట్ టీం కోచ్
మంగళ, గురువారాల్లో మొదలుపెడదాం. అన్ని టీంలూ కలిపి ఒకేసారి చేస్తే ఇంకా మంచిది.

చిన్నోడి అమ్మ
నమస్తే అండీ, మా బాబు అండర్-12 లో ఆడతాడు. స్కోర్ రాయకపోవడం నాకు నచ్చింది. కానీ ఆదివారం మా బాబు, ఇంకో ఇద్దరు పిల్లలు చివరి పది నిమిషాలే దిగారు, ఎందుకంటే మ్యాచ్ టైట్‌గా ఉంది. స్కోర్ ముఖ్యం కాదని చెప్పి, స్కోర్ చూసే పిల్లల్ని ఎంచుకుంటే ఎలాగండీ? కారులో వెనక్కి వస్తూ "నేను బాగా ఆడనా అమ్మా" అని అడిగాడు, ఏం చెప్పాలో తోచలేదు.

అండర్12 కోచ్
అమ్మా, మీరు ఇక్కడ రాయడం మంచిదే. ఈ వయసులో ఎవరు ముందు ముందు బాగా ఆడతారో ఎవరూ చెప్పలేరు, తొందరగా ఎత్తు పెరిగిన పిల్లాడు ఇప్పుడు బలంగా కనిపిస్తాడు అంతే, జనవరిలో పుట్టినోడికీ డిసెంబర్‌లో పుట్టినోడికీ దాదాపు ఏడాది తేడా, ఒకే ఏజ్ గ్రూప్‌లో ఆడుతున్నారు. తొమ్మిది మందితో ఆడే మ్యాచ్, నాలుగో సైజ్ బాల్, సబ్‌లు ఎన్నిసార్లైనా మార్చుకోవచ్చు, కాబట్టి అందరికీ సగం ఆట ఇవ్వకుండా ఉండటానికి కారణమే లేదు. వచ్చే మ్యాచ్ నుంచి మార్పుల షీట్ ముందే రాసి గ్రూప్‌లో పెడతాం, స్కోర్ ఎంతున్నా ఆ షీటే. మీ బాబు ఆదివారం దిగిన పది నిమిషాల్లో రెండుసార్లు తల పైకెత్తి ఖాళీలో ఉన్నోడికి పాస్ ఇచ్చాడు, ఆ మాట వాడికి చెప్పండి, ట్రైనింగ్‌లో నేనూ చెప్తా.

చిన్నోడి అమ్మ
థాంక్యూ సర్. తప్పకుండా చెప్తానండీ.

విజిల్
అండర్-15 మ్యాచ్‌కి నేను ఊరికే చూడటానికి వెళ్ళా, అక్కడ చూసింది రాయక తప్పదు. రిఫరీ పదహారేళ్ళ పిల్లాడు. అవతలి టీం మొదటి గోల్‌కి మన వైపు టచ్‌లైన్ మీద ఉన్న పెద్దవాళ్ళు నలుగురైదుగురు "ఆఫ్‌సైడ్ ఆఫ్‌సైడ్" అని ఆగకుండా అరిచారు, ఒకరైతే లైన్ దాటి లోపలికి అడుగేశారు. ఆ పిల్లాడు తప్పు చెయ్యలేదు. ఫార్వర్డ్ పాస్ పడినప్పుడు తన సొంత హాఫ్‌లో ఉన్నాడు, సొంత హాఫ్‌లో ఉంటే ఆఫ్‌సైడ్ (అవతలి డిఫెండర్లని దాటి ముందుండి పాస్ అందుకోవడం) లేదు, ఎంత ముందుకి ఒంటరిగా పరిగెత్తినా లేదు. రెండో గోల్ త్రో ఇన్ నుంచి వచ్చింది, దానికీ అరిచారు. త్రో ఇన్, గోల్ కిక్, కార్నర్ నుంచి నేరుగా బాల్ అందుకుంటే ఆఫ్‌సైడ్ ఉండదు. రూల్ తెలియకపోవడం ఒక ఎత్తు, తెలియకుండా ఒక పిల్లాడి మీద అరవడం ఇంకో ఎత్తు.

హాఫ్ టైమ్‌లో ఆ అబ్బాయి చేతులు వణుకుతున్నాయి. నేను పక్కన కూర్చున్నా. విజిల్ పట్టుకుని ఇంకా ఏడాది కూడా కాలేదు వాడికి. ఇలాంటి పిల్లలు రెండు సీజన్లు తిరక్కముందే మానేస్తారు, అప్పుడు మన థర్డ్ టీం మ్యాచ్‌లకి రిఫరీ దొరకడు, ఎవరో ఒకరి బావ వచ్చి విజిల్ ఊదాల్సి వస్తుంది. ఇది మన క్లబ్ పేరు మీద జరిగింది, నాకు చాలా బాధేసింది.

టచ్‌లైన్ (క్లబ్ సెక్రటరీ)
సర్, ఆ అబ్బాయికీ వాళ్ళింటికీ క్లబ్ తరఫున రేపు నేనే మాట్లాడతా. లైన్ దాటిన వాళ్ళు ఎవరో నాకు తెలిసింది, పేర్లు ఇక్కడ వద్దు, నేరుగా మాట్లాడతా. వచ్చే హోమ్ మ్యాచ్ నుంచి అండర్-12, అండర్-15 రెండింటికీ తాడు కడతాం, పెద్దవాళ్ళందరూ తాడు వెనక, కోచ్‌లు తప్ప. ఒకరు బిబ్ వేసుకుని తాడు దగ్గర నిలబడాలి.

కొత్త షిన్ గార్డ్
నేను అండర్-15 లో ఆడతాను. మా నాన్న కూడా అరిచారు. ఆ రిఫరీ మా స్కూల్లో సీనియర్. మ్యాచ్ అయిపోయాక మా కెప్టెన్ వెళ్ళి షేక్ హ్యాండ్ ఇచ్చి థాంక్స్ చెప్పాడు, మేమందరం వెళ్ళాం. డౌట్ ఉంటే కెప్టెన్ ఒక్కడే వెళ్ళి అడగాలి అని మా కోచ్ మాకు నేర్పారు, మేం అదే చేస్తున్నాం. బయట ఉన్న పెద్దవాళ్ళు కూడా అదే చేస్తే బాగుంటుంది.

విజిల్
తమ్ముడూ, నువ్వు ఇది రాయడం చాలా పెద్ద విషయం. మీ టీంని చూస్తే గర్వంగా ఉంది.

సెకండ్ టీం మేనేజర్
ఆలస్యంగా చూశా. బెంచ్ విషయం నేను చెప్పాలి. ముగ్గురు పైకి వెళ్ళారు కాబట్టి ముగ్గుర్ని కింద నుంచి అడిగా, సంఖ్యకి సంఖ్య. 0-1 లో ఉన్నప్పుడు కొత్త అబ్బాయిని దింపడం కష్టం, మా వాళ్ళకి వాడితో అలవాటు లేదు. పైకి పిలిచినోడికి ముప్పై నిమిషాల గ్యారంటీ అని ఎవరైనా రూల్ పెడితే నేను ఒప్పుకోను, మ్యాచ్ నడుస్తుండగా అలా మాట ఇవ్వలేం.

నెంబర్ ఫోర్ (థర్డ్ టీం కెప్టెన్)
గ్యారంటీ ఇవ్వలేకపోతే పిలవొద్దన్నా, అంతే కదా. పదకొండు మంది ఉండి బెంచ్ కోసం పిలుస్తున్నావంటే, ఆ బెంచ్ మా స్టార్టింగ్ లెవెన్‌లోంచి వస్తోంది. నీకు రిజర్వ్, మాకు ఆట.

సెకండ్ టీం మేనేజర్
సరే నీ మాట అర్థమైంది, కానీ ఇద్దరే సబ్‌లతో వెళ్ళి ఇద్దరికి దెబ్బ తగిలితే? కీపర్‌కి తగిలితే?

పాత స్టడ్స్
నేనొకటి చెప్త. గురువారం ట్రైనింగ్ అయినంక నాలుగు టీంల మేనేజర్లు ఒక్క దగ్గర కూసోని లిస్టులు రాయాలె, అందరి ముందు. ఆ తర్వాత ఎవరైనా తగ్గితే ఫోన్ కింద నుంచి మొదలు కావాలె. థర్డ్ టీం కెప్టెన్‌ని అడిగి, ఆయన దగ్గర పదమూడు మంది కంటే ఎక్కువుంటెనే కదిలియ్యాలె. సరిపోకపోతే పైటీం చిన్న బెంచ్‌తో ఆడాలె, కీపర్ ఒక్కడికి మాత్రం మినహాయింపు. ఇంకా కావాలంటే మా వెటరన్స్‌ల నలుగురు ఉన్నరు, శనివారం థర్డ్ టీంకి వస్తరు, మా మ్యాచ్ ఆదివారం కదా. లీగ్ రిజిస్ట్రేషన్ మాత్రం చూడాలె, ఎవరి పేరు ఏ టీంకి ఉందో.

బాక్స్ టు బాక్స్
కింద నుంచి ఫోన్ అనేది నాకు నచ్చింది. రిజిస్ట్రేషన్ మాత్రం జాగ్రత్త అన్నా, పై టీంలో ఎక్కువ మ్యాచ్‌లు ఆడినోళ్ళు మళ్ళీ కింద ఆడకూడదని చాలా లీగ్‌ల్లో లిమిట్ ఉంటుంది, చూసుకోకపోతే గెలిచిన పాయింట్లు కూడా పోతాయి.

ఫస్ట్ టీం కోచ్
పదమూడు అన్న నంబర్‌కి నేను ఒప్పుకుంటా. గురువారం లిస్ట్‌కి కూడా. ఒక్కటే అడుగుతున్నా, థర్డ్ టీంలో ఎవరు బాగా ఆడుతున్నారో నాకు ఎవరూ చెప్పట్లేదు, వాళ్ళ మ్యాచ్‌లు మా టైమ్‌లోనే పడుతున్నాయి కాబట్టి నేను చూడలేను. నెంబర్ ఫోర్, ప్రతి ఆదివారం ఒక్క పేరా రాసి పంపు. అప్పుడు బెంచ్ నింపడానికి కాకుండా ఆడించడానికే పిలుస్తా.

నెంబర్ ఫోర్ (థర్డ్ టీం కెప్టెన్)
పంపుతా సర్. ఈ వారానిదే మొదలు: మా పంతొమ్మిదేళ్ళ డిఫెన్సివ్ మిడ్‌ఫీల్డర్. తొమ్మిది మందిలో ఆడుతూ కూడా బాల్ దొరికిన ప్రతిసారీ ముందుకే తిరిగాడు, 1-5 అయ్యాక కూడా స్లైడింగ్ టాకిల్ చేసి కార్నర్‌కి పంపాడు. రెండు మూడు నెలల్లో సెకండ్ టీంలో స్టార్ట్ చెయ్యగలడు, ఈలోపు వాడు మాకు కావాలి.

సెకండ్ టీం మేనేజర్
పదమూడు అంటే మా బెంచ్ చాలా వారాలు ఖాళీగా ఉంటుంది, పన్నెండు అయితే నాకు ఓకే. బుధవారం దీని మీద నేను వాదిస్తా, ముందే చెప్తున్నా.

లెఫ్ట్ వింగ్ అక్క
గ్రౌండ్ స్లాట్ కూడా బుధవారమే తేల్చాలి. రెండు వారాలకోసారి మాకు మొదటి స్లాట్ ఇవ్వండి, చివరి స్లాట్ వంతులవారీగా అందరికీ తిరగాలి. నెట్స్, ఫ్లాగులు ముందు మ్యాచ్ ఆడినోళ్ళే సరిచేసి అప్పగించి వెళ్ళాలి.

టచ్‌లైన్ (క్లబ్ సెక్రటరీ)
బుధవారం అజెండా: గురువారం లిస్ట్, పదమూడా పన్నెండా, విమెన్స్ స్లాట్, టచ్‌లైన్ తాడు, అండర్-12 మార్పుల షీట్, ఫిఫా 11 ప్లస్. వచ్చే శనివారం థర్డ్ టీం హోమ్ మ్యాచ్, ఇప్పటికి పది పేర్లే ఉన్నాయి. వెటరన్స్ రిజిస్ట్రేషన్ నేను రేపు లీగ్‌తో కనుక్కుంటా, వీలయ్యేవాళ్ళు ఇక్కడే చెప్పండి.

పాత స్టడ్స్
నేను వస్త. సెంటర్ బ్యాక్, లేకపోతే ఎక్కడ పెడితే ఆడ. ఇంకో ఇద్దర్ని రేపు అడిగి చెప్త.

ఒకటో నంబర్ జెర్సీ
సెకండ్ టీం మ్యాచ్ ఆదివారానికి మారింది కాబట్టి శనివారం వచ్చి నెట్స్ కట్టి, లైన్ మీద ఫ్లాగ్ పట్టుకుంటా.

నెంబర్ ఫోర్ (థర్డ్ టీం కెప్టెన్)
పన్నెండున్నరకి గ్రౌండ్ దగ్గర, కిక్ ఆఫ్ రెండింటికి. ఇరవై నిమిషాల వార్మప్ ఈసారి తప్పనిసరి. పాత స్టడ్స్ అన్నా, నువ్వు లెఫ్ట్ సెంటర్ బ్యాక్, నేను నీ పక్కన.